కత్తి ఉండాదా అల్లుడా?

2005 మే 2, సోమవారం

ఈ రోజు నుంచి నా జేబులో కత్తి ఉంటుంది. మడత కత్తి. చిన్నది. ఒకటే. స్నానానికీ నిద్రకూ తప్ప నన్ను వదలదు.

ఈ శపథం ఎందుకొచ్చిందంటే, పొద్దున మండీలో మామ ఒక మామిడికాయ పట్టుకుని, తల తిప్పకుండానే నా వైపు చెయ్యి చాపాడు. "కత్తియ్యప్పా" అన్నాడు. నా దగ్గర పెన్ను ఉంది, సెల్‌ఫోను ఉంది, దువ్వెన ఉంది. దువ్వెన ఇచ్చాను. ఎందుకిచ్చానో నాకే తెలియదు. దామలచెరువు మండీ మొత్తం, మూటలు మోసేవాళ్లతో సహా, కడుపు పట్టుకుని నవ్వింది.

మా మామ మునిరామయ్యది ముప్పై ఏళ్ల మామిడి మండీ. నేను తిరుపతిలో ఎస్టీడీ బూతు నడిపినవాణ్ణి. ఊరందరి చేతుల్లోకీ సెల్‌ఫోన్లు వచ్చాక బూతు మూసేసి, ఇల్లటం అల్లుడిగా ఇక్కడ అత్తారింటికే వచ్చేశాను. ఏడాదిగా నా పని టీలు చెప్పడం, లారీల వెనక నిలబడి "రానీ, రానీ" అనడం. బేరం జరిగే చోట ఒక్కసారి కూడా నోరు తెరవలేదు. తెరవమని ఎవరూ అనలేదు.

నవ్వులయ్యాక మామ పంచె పక్కకు జరిపి, పట్టాపట్టీల డ్రాయరు జేబులోంచి తన కత్తి తీశాడు. కొమ్ము పిడి. పిడి మీద ఆనవాలుకు ఒక గీత.

"ముప్పై ఏండ్లుగా ఇదే కత్తి. ఒగ దినం నన్నిడిసి పోలా. కత్తిని కాపాడుకోలేనోడు తోటనేం కాపాడతాడప్పా?"

అందరి ముందూ అన్నాడు. నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. నేనూ పెట్టుకుంటానన్నాను. మామ నన్ను కింది నుంచి పైదాకా చూసి పందెం వేశాడు. ఆదిలక్ష్మమ్మ తోట బేరానికి వెళ్లే రోజు దాకా ఒకే కత్తి నా జేబులో నిలిస్తే, ఆ తోట ధర నేనే మాట్లాడాలి. నిలవకపోతే వచ్చే సీజనుకు కూడా టీలే.

ఆదిలక్ష్మమ్మ తోటంటే మాటలా! అన్నీ తోతాపురి చెట్లు, కొమ్మలు నేలకు ఆనే కాపు. ఆ ఒక్క ధర నేను మాట్లాడితే చాలు. నేనూ మండీ మనిషినే.

మే 3, మంగళవారం

కత్తి ఎలా ఉండాలో రాసుకున్నాను.

జేబులో ఉన్నట్టు తెలియనంత చిన్నది.
కాయలో టెంక దాకా దిగేంత పొడుగు.
ఒంటిచేత్తో తెరుచుకోవాలి. తనంతట తాను తెరుచుకోకూడదు (కూర్చునేటప్పుడు ముఖ్యం).
సొన అంటినా తుప్పు పట్టకూడదు.
చూసినవాళ్లు "యాడ కొన్నావప్పా?" అనాలి.

మొదటి రెండూ ఒకదానికొకటి కుదరవని నా భార్య మహిత అంటోంది. కుదురుతాయి. స్కేలు పెట్టి నా ప్యాంటు జేబులన్నీ కొలిచాను. చొక్కా జేబు కూడా కొలిచాను. వంగితే పడిపోతుందా లేదా అని దువ్వెన పెట్టి పది సార్లు వంగి చూశాను. పడింది. చొక్కా జేబు రద్దు.

"నాకు చీర కొనేటప్పుడు అంగడి గడపలో నిలబడి టైం సూస్తా ఉన్నావు గదా బావా" అంది మహిత. నేను మళ్లీ స్కేలు తీశాను.

మే 5, గురువారం

చిత్తూరు బజారు వీధి. గోవిందస్వామి ఇనుప సామాన్ల అంగడి. పొద్దున వెళ్లినవాణ్ణి మధ్యాహ్నం దాటినా అక్కడే.

పేపరు పరిచి కత్తులన్నీ దాని మీద పెట్టాడు. చెయ్యి చాపితే ఇవ్వలేదు. "కత్తి చేతికియ్యగూడదప్పా, మాటలు తెగతాయి. కింద పెడతా, తీస్కో" అన్నాడు. తీసుకున్నాను. తెరిచాను. మూశాను. ఆ చప్పుడు! టిక్కుమంటూ మడత పడుతుంటే ప్రాణం లేచొచ్చింది.

చివరికి రెండు మిగిలాయి. ఒకటి కొమ్ము పిడిది, మామ కత్తి లాంటిదే. రెండోది ఎర్ర పిడిది. అందులో కత్తి, కత్తెర, స్క్రూడ్రైవరు, సోడా మూత తీసేది, పళ్లు కుట్టుకునే పుల్ల కూడా ఉన్నాయి.

"మామిడికాయకి కొమ్ముది సాలు. మీ ఇంటికి ఎప్పుడూ పొయ్యేది అదే" అన్నాడు గోవిందస్వామి.

పాతకాలం మనిషి. తేల్చుకోలేక ఇంటికొచ్చేశాను. తొందరపడి కొనే వస్తువా ఇది?

మే 7, శనివారం

తేల్చుకున్నాను. ఎర్రదే. బస్సుకు బయలుదేరితే మా అత్త యశోదమ్మ గడపలోనే ఆపింది.

"శనివారం ఇనుము కొంటారా నాయనా యాడన్నా?"

కొనరు. రేపు ఆదివారం, అంగడి మూసి ఉంటుంది. కాబట్టి శపథం సోమవారం నుంచి మొదలు. అప్పటిదాకా లోటు రాకూడదని వంటింట్లో కూరగాయల చాకు రుమాలులో చుట్టి జేబులో పెట్టుకున్నాను. సాయంత్రానికి ప్యాంటు జేబుకు చిల్లు. చాకు మోకాలు దాకా వచ్చింది. అయినా శపథం నిలిచినట్టే లెక్క.

మే 9, సోమవారం

కొన్నాను! ఎర్రది, కొత్తది, నాది. బస్సులోనే ఐదు పనిముట్లూ తెరిచి చూసుకున్నాను. పక్క సీటాయన లేచి నిలబడ్డాడు.

ఇంటికొచ్చాక మహిత పూలదారం కోశాను. కొత్త బకెట్టు మీద చీటీ గీకాను. టీవీ వెనక మర ఒకటి ఊడదీశాను. అది మళ్లీ బిగియలేదు.

మండీలో మామ దాన్ని ఇటూ అటూ తిప్పి, "దీంట్లో కత్తి యాడుండాదప్పా?" అన్నాడు. నేను చూపించబోయాను. మొదట కత్తెర వచ్చింది. తర్వాత సోడా మూతది. తర్వాత పుల్ల. నాలుగోసారికి కత్తి వచ్చింది, నా గోరు పోయింది. ఆలోపల మామ తన కొమ్ము పిడితో కాయ కోసి, ధర చెప్పి, రైతును పంపించేశాడు. పర్వాలేదు. గోరు పెరుగుతుంది.

మే 12, గురువారం

జేబులో కత్తి ఉన్న సంగతి ఊరందరికీ తెలిసిపోయింది. గోనెసంచి కుట్టు విప్పాలన్నా నేనే. కొత్త సైకిలుకు నిమ్మకాయ కొయ్యాలన్నా నేనే. ఇవాళ టైలరు అంగడి ప్రారంభానికి రిబ్బను కూడా నా కత్తెరతోనే. పెద్దమనిషిలా ఉంది బతుకు.

ఒకటే బాధ. పళ్లు కుట్టుకునే పుల్లను ఎవరో వాడి, మళ్లీ లోపల పెట్టేశారు. ఎవరని మండీలో అడిగితే అందరూ నోళ్లు గట్టిగా మూసుకున్నారు.

మే 15, ఆదివారం

పెళ్లిరోజు. నేనూ మహితా కొండకు వెళ్లాం. అలిపిరి తనిఖీలో నా జేబు కూసింది.

"ఇందులో కత్తి చిన్నదే సార్, మిగతావన్నీ సామాన్లు" అన్నాను.

"ఆ సామాన్లన్నీ ఆ పెట్టెలో ఎయ్యి సామీ" అన్నాడాయన. రూలు రూలే. వేశాను. దిగేటప్పుడు అడిగి తీసుకుందామనుకున్నాను.

దర్శనం బాగా జరిగింది. నాకు ఆదిలక్ష్మమ్మ తోట ఇప్పించమని మొక్కుకున్నాను. మహిత ఏం మొక్కుకుందో చెప్పలేదు. లడ్డూ తింటూ, కబుర్లు చెప్పుకుంటూ దిగాం. ఇంటికొచ్చే బస్సులోంచి చంద్రగిరి కోట కనిపించాక కత్తి గుర్తొచ్చింది.

దేవుడి పాదాల దగ్గర వదిలింది పోయినట్టు కాదు. ముడుపు కట్టినట్టు.

మే 16, సోమవారం

బాగా ఆలోచించాను. ఒకే కత్తి అంటే ఒకసారికి ఒకటి అని అర్థం. మామ అన్నది అదే అయ్యుంటుంది. గోవిందస్వామి దగ్గర అచ్చం అలాంటి ఎర్రదే ఇంకొకటి తెచ్చాను. పుల్ల కూడా శుభ్రంగా ఉంది.

"కత్తి ఉండాదా అల్లుడా?" అన్నాడు మామ మండీలో.

"ఉండాది మామా" అన్నాను. అబద్ధం ఒక్క ముక్క లేదు.

మే 20, శుక్రవారం

లారీ డ్రైవరు ఇమ్మానుయేల్ టార్పాలిన్ తాడు కోస్తానని కత్తి అడిగాడు. ఇచ్చాను. చేతికే ఇచ్చాను, కింద పెట్టలేదు. అదే తప్పయిపోయింది. తిరిగి చూస్తే లారీ లేదు.

సాయంత్రం ఫోను చేశాను. "నీ కత్తి నాయుడుపేట దాటిందన్నా. శానా బాగుండాది. ఇప్పుడే దాంతో సోడా తాగినా" అన్నాడు. వచ్చే నెల ఈ వైపు లోడు దొరికితే తెస్తాడట.

రేపు మళ్లీ శనివారం. రెండు రోజులు జేబు మీద చెయ్యి పెట్టుకునే తిరగాలి.

మే 23, సోమవారం

ఎర్రవి అయిపోయాయట. కొమ్ము పిడిది తెచ్చాను. ఒక రకంగా ఇదే మేలు. ఒక్క కత్తే కాబట్టి ఏది తెరవాలో వెతుక్కోనక్కర్లేదు. మామ అడిగితే, పాతది ఇంట్లో దాచాను, ఇది పనికి అని చెబుదామనుకున్నాను. అడగలేదు. మామ కత్తి లాంటిదే కావడంతో ఆయనకు లోలోపల సంతోషంగానే ఉన్నట్టుంది.

మే 31, మంగళవారం

వారం రోజులుగా డైరీ రాయలేదు. పెన్ను దొరకలేదు.

పెన్ను దొరికింది, రాస్తున్నాను. కొమ్ము పిడిది కూడా పోయింది. కాయల కుప్ప మీద పెట్టి చెమట తుడుచుకున్నాను. కుప్పను లారీకి ఎత్తేశారు. ఇప్పుడది ఏ జ్యూసు ఫ్యాక్టరీకి చేరిందో, ఎవరి గ్లాసులో తేలుతుందో అని భయంగా ఉంది. ఫ్యాక్టరీలో కాయలు కడిగేటప్పుడు దొరుకుతుందని మండీలో ఒకాయన ధైర్యం చెప్పాడు.

నేను కత్తికి పనికిరాను. తోటకు అసలే పనికిరాను. టీలకు పనికొస్తాను.

జూన్ 1, బుధవారం

ఈ రోజు జరిగింది నిదానంగా రాయాలి.

మళ్లీ గోవిందస్వామి అంగడి. నన్ను చూడగానే నవ్వాడు. "మీ ఇంట్లో కత్తులు కూరొండుకోని తింటారా ఏందప్పా? సీజనుకు మీ అత్త డజను తీసకపోతాది. ఇప్పుడు నువ్వు."

"మా అత్తా?"

"యశోదమ్మే. ముప్పై ఏండ్లుగా. అన్నీ కొమ్ము పిడియే."

మేకుల మూట మీద కూర్చుండిపోయాను. మేకులని కూర్చున్నాకే తెలిసింది.

ఇంటికొచ్చి వంటింట్లో అత్తను అడిగాను. ఆమె తలుపు దగ్గరికి వేసి, బియ్యం డ్రమ్ములోకి మోచేయి దాకా చెయ్యి పెట్టి, మడత కత్తి ఒకటి బయటికి తీసింది. బియ్యంలో పెడితే తుప్పు పట్టదట.

"పెండ్లయిన తొలి సీజన్లోనే మీ మామ కత్తి పారేసుకున్నాడు నాయనా. మూడు దినాలు అన్నం ముట్టలా. కత్తి పోయింది, ఇంగ మండీ కూడా పోతాదని ఒగటే దిగులు. నాకు కడుపు తరుక్కపోయి, అట్లాంటిదే ఒగటి కొని, గీత గీసి, డ్రాయరు జోబీలో ఏసేసినా. దొరికిందని ఎగిరి గంతేసినాడు. ఆ మర్సటి నెల మళ్లా పారేసినాడు."

"అప్పటి నుంచీ..."

"అప్పట్నుంచీ పొద్దున్నే డ్రాయరు మడిసేటప్పుడు సూస్తా. ల్యాకపోతే ఏస్తా. అంతే."

"మామకు తెలియదా?"

"తెలిస్తే ఇంగేముండాది? ముప్పై ఏండ్ల కత్తి అనే ధైర్యంతోనే గదా ఆ మనిషి అందరితో బేరం సేసేది. మీ మామకి సెప్పొద్దు నాయనా."

చెప్పనన్నాను. నవ్వు ఆపుకోలేక పెరట్లోకి పరిగెత్తాను. నవ్వీ నవ్వీ కళ్లల్లో నీళ్లొచ్చాయి. మా అత్త మీద అంత ప్రేమ నాకు ఎప్పుడూ కలగలేదు. మామ మీద కూడా. తిరిగొచ్చేసరికి డ్రమ్ములోంచి తీసిన కత్తి నా కోసం గడప మీద పెట్టి ఉంది.

జూన్ 8, బుధవారం

అత్త ఇచ్చిన కత్తి పోయింది. ఎక్కడో రాయను. రాస్తే నాకే సిగ్గు.

రేపే ఆదిలక్ష్మమ్మ తోట బేరం. అత్తా మహితా మొక్కుందని పొద్దున కాణిపాకం వెళ్లారు, రేపు సాయంత్రానికి గానీ రారు. బియ్యం డ్రమ్ము అడుగుదాకా వెతికాను. బియ్యమే ఉన్నాయి. చిత్తూరు బస్సు తప్పిపోయింది.

మామకు నిజం చెప్పేస్తాను. రేపు.

జూన్ 9, గురువారం

జీపులో చెప్పలేకపోయాను. మామ హుషారుగా ఉన్నాడు. కూనిరాగం తీస్తున్నాడు.

ఆదిలక్ష్మమ్మ నులకమంచం మీద కూర్చుని ఉంది. డెబ్బై దాటిన మనిషి, చూపు మాత్రం సూదే. ఈ యేటి కాపు అమ్మకం ఆమె నోటి మాట మీదే. మామ చెట్టు నుంచి ఒక కాయ తెంపి నా చేతిలో పెట్టాడు.

"కోసి సూడప్పా. ధర నువ్వే సెప్పు."

నేను జేబులన్నీ తడుముకున్నాను. దువ్వెన దొరికింది.

"మామా, కత్తి పోయింది" అన్నాను.

మామ కోప్పడలేదు. అదే బాధనిపించింది. తల ఊపి, "సర్లే, పక్కకి రా" అని పంచె జరిపి, డ్రాయరు జేబులో చెయ్యి పెట్టాడు. కుడి జేబు. ఎడమ జేబు. మళ్లీ కుడి జేబు. ఆయన ముఖంలో రక్తం లేదు. పొద్దున అత్త ఇంట్లో లేదు కదా. డ్రాయరు ఆయనే తీసుకుని వేసుకున్నాడు.

"ఏంది మునిరామయ్యా" అంది ఆదిలక్ష్మమ్మ, "తోట బేరానికొచ్చి డ్రాయరు ఎదుకులాడతా ఉండావు?"

తోటలో కాపలావాళ్లు ఇద్దరూ మా వైపే చూస్తున్నారు. మండీలో నన్ను చూసి నవ్విన నవ్వు నాకు గుర్తే. అది మామకు జరగకూడదు. ఆ క్షణంలో నా పందెం సంగతి నిజంగా మరిచిపోయాను.

కాయను తొక్కతోనే కొరికాను. టెంక దాకా కొరికాను. సొన పెదవి మీద నిప్పులా అంటుకుంది.

"మంచి కాయకి కత్తెందుకవ్వా, పన్ను సాలదా? అందుకే మేము కత్తులు ఇంట్లో పెట్టొచ్చినాం" అన్నాను. "కండ పసుపు తిరిగింది. టెంక ముదిరింది. వారంలో కోతకు రెడీ."

మామ నా వైపు ఒక్క క్షణం చూశాడు. తర్వాత ఆయనా ఒక కాయ తెంపి కొరికాడు. కళ్ల వెంట నీళ్లు కారుతున్నా నమిలి మింగి, "అవునక్కా, కాయ బాగుండాది" అన్నాడు. భుజం మీది తువ్వాలు తీసి నా చేతి మీద వేశాడు. బేరం ఎప్పుడూ తువ్వాలు కిందే, ఎవరికీ కనబడకుండా వేళ్లు పట్టుకుని ధర చెప్పుకోవడం. ఆ తువ్వాలు ముప్పై ఏళ్లలో మామ తన బదులు ఇంకొకరి చేతి మీద వేయడం ఎవరూ చూడలేదు.

ఆదిలక్ష్మమ్మ వేళ్లు పట్టుకున్నాను. ఆమె నా వేళ్లు విరిచినంత పని చేసింది. నేను ఒక వేలు పెంచాను, ఆమె ఒక వేలు తగ్గింది. తోట మాదైంది.

దారిలో ఇద్దరి పెదవులూ బోండాల్లా వాచాయి. రైల్వే గేటు దగ్గర జీపు ఆగాక మామ నెమ్మదిగా అన్నాడు.

"అల్లుడా, కత్తి పోయిన సంగతి మీ అత్తకి సెప్పొద్దు. ఆ మనిషి తట్టుకోలేదు. ముప్పై ఏండ్ల కత్తి."

"సెప్పను మామా" అన్నాను.

రైలు వెళ్లిపోయినా నాకు నవ్వు ఆగలేదు. మామ కూడా నవ్వాడు, ఎందుకో తెలియకుండానే. ఈ ఇంట్లో ఇద్దరి గుట్టూ ఇప్పుడు నా దగ్గరే ఉంది. ఇల్లటం అల్లుణ్ణి అన్న మాట ఇంక నన్ను కుట్టదు.

జూన్ 10, శుక్రవారం

పొద్దున్నే మామ నన్ను పెరట్లోకి పిలిచి, "చిత్తూరు పోదాం పా. ఇద్దరమూ కొనుక్కుందాం. ఈ తూరి ఒగే కత్తి. పారేసుకునేది లేదు" అన్నాడు. శపథం చేశాం. చెయ్యీ చెయ్యీ కొట్టుకున్నాం.

గోవిందస్వామి మామను చూసి, "అరే, మీరే వొచ్చినారే, యశోదమ్మ..." అనబోయాడు. చెప్పుతో అతని కాలు తొక్కాను. గట్టిగానే తొక్కాను. మనిషి తెలివైనవాడు, దగ్గు తెచ్చుకున్నాడు.

మామ కత్తి ఎంచుకోవడం చూడాలి! పేపరు మీద పెట్టినవన్నీ తెరిచాడు, మూశాడు, చెవి దగ్గర పెట్టుకుని చప్పుడు విన్నాడు. చిన్నదిగా ఉండాలట, టెంక దాకా దిగాలట. చివరికి కొమ్ము పిడిదే తీసి, గోవిందస్వామి ఆకురాయి అడుక్కుని, పిడి మీద తనే ఒక గీత పెట్టాడు. "గీత ల్యాకపోతే మీ అత్త కనిపెట్టేస్తాది" అన్నాడు నా చెవిలో. నేనూ ఒక కొమ్ముది తీసుకున్నాను. పక్కనే టీ అంగట్లో టీ తాగాం. టీ మామే చెప్పాడు.

జీపు ఎక్కబోతూ వెనక్కి తిరిగి చూస్తే టీ అంగడి బెంచీ మీద మామ కత్తి ఉంది. గ్లాసు పక్కన, గీత పైకి పెట్టి. మామకేమీ చెప్పలేదు. చిల్లర మరిచిపోయానని వెనక్కి పరిగెత్తి తెచ్చాను.

ఇంటికొచ్చి వంటింట్లో అత్త ముందు నేల మీద పెట్టాను. ఆమె కత్తిని చూసింది, నా వాచిన పెదవి చూసింది, గీత మీద వేలితో తడిమింది.

"నేనింత వంకరగా గియ్యను" అని, అది తీసి రేపటి డ్రాయరు జేబులో వేసి మడిచింది.

మామ కత్తి క్షేమం. నాది మాత్రం ఆయనది తీసుకునే తొందరలో అదే బెంచీ మీద పెట్టి వచ్చాను.

రేపూ ఎల్లుండీ ఆదిలక్ష్మమ్మ తోటలో కూలీలను చూడాలి, తీరిక ఉండదు. సోమవారం మళ్లీ మొదలు. ఈసారి గాజు బీరువాలో నల్ల పిడిది ఒకటి చూసి పెట్టాను. ఒంటిచేత్తో తెరుచుకుంటుంది.